కెనడా రాజకీయాలు, ఎల్‌జీబీటీ అంశాల మీద ఫ్రీలాన్స్ విలేకరిగా పనిచేయడం ఎలా

కెనడా అంటే ఎల్‌జీబీటీ వాళ్లకు హక్కులన్నీ ఎప్పుడో వచ్చేసిన దేశం కదా, ఇంక అక్కడ రాయడానికి ఏముంటుంది అని చాలామంది అనుకుంటారు. స్వలింగ జంటల పెళ్లికి 2005లోనే దేశమంతటా చట్టం వచ్చిన మాట నిజమే. కానీ 2023 నుంచి జరిగినవి చూడండి. బడిలో పిల్లల్ని ఏ పేరుతో పిలవాలన్న గొడవలో న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్స్‌లో (ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది) మంత్రులు రాజీనామా చేశారు. అదే విషయం మీద కోర్టు ఆపేసిన విధానాన్ని సస్కాచువాన్ ప్రభుత్వం ఏకంగా చట్టం చేసి, కోర్టులు కొట్టేయకుండా రాజ్యాంగంలోని ప్రత్యేక క్లాజును అడ్డం పెట్టింది. అల్బర్టా ట్రాన్స్ పిల్లల వైద్యం మీద ఆంక్షలు తెచ్చింది. అంటే పని చాలానే ఉంది.

అయితే ఈ వార్తల్లో తరచూ ఒక లోటు కనిపిస్తుంది. పార్లమెంటు కవర్ చేసేవాళ్లకు బిల్లులు, ఓట్లు, విప్‌లు బాగా తెలుసు, ఆ చట్టం ఎవరి బతుకుల్ని తాకుతుందో వాళ్లతో మాత్రం పరిచయం ఉండదు. కమ్యూనిటీ గురించి రాసేవాళ్లకు మనుషులు తెలుసు, కానీ ‘ప్రభుత్వం వెంటనే మార్చాలి’ అని రాసేస్తారు, ఆ ప్రభుత్వానికి అసలు ఆ అధికారం ఉందో లేదో చూడరు. ఈ రెండూ తెలిసినవాళ్లు తక్కువ. మీరు అందులో ఒకరైతే ఎడిటర్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, అంతకన్నా ముఖ్యంగా చదివేవాళ్లకు తాము ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. టొరంటో, ఒట్టావా, ఎడ్మంటన్‌లాంటి చోట్ల ఉంటూ ఈ పనిలోకి రావాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో రాసినా తెలుగులో రాసినా పద్ధతి ఒకటే.

ముందు అధికారం ఎవరిదో తేల్చుకోండి

ఏ విషయం చేతికొచ్చినా రాయడం మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి చేతిలో ఉంది? క్రిమినల్ చట్టం, పెళ్లి ఎవరెవరు చేసుకోవచ్చన్న నిర్వచనం, సైన్యం, పాస్‌పోర్టు, శరణార్థులు, జనాభా లెక్కలు ఫెడరల్ ప్రభుత్వానివి. ఆసుపత్రులు, బళ్లు, బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి రిజిస్ట్రేషన్ ప్రావిన్స్‌వి. బడి గోడ మీద ఏ జెండా ఎగరాలన్నది చాలాచోట్ల స్కూల్ బోర్డు తేలుస్తుంది, రోడ్డు మీద రంగుల క్రాస్‌వాక్ సంగతి సిటీ కౌన్సిల్ చూసుకుంటుంది. ఇది తప్పితే వార్త మొత్తం తప్పుతుంది.

అల్బర్టా 2000లో ఏం చేసిందో చూడండి. పెళ్లి అంటే స్త్రీపురుషుల మధ్యే అని ప్రావిన్స్ చట్టం చేసి, దానికి పైన చెప్పిన ప్రత్యేక క్లాజును, అంటే ‘నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్’ను కూడా తగిలించింది. కానీ పెళ్లికి ఎవరు అర్హులన్నది ఫెడరల్ విషయం, 2004 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రావిన్స్ ఎంత గట్టిగా కేకలేసినా ఆ నిర్వచనం దాని చేతిలో లేదు. ఇది తెలిసిన విలేకరి ఆ రోజున ‘అల్బర్టాలో స్వలింగ వివాహం నిషేధం’ అని హెడ్డింగ్ పెట్టి ఊరుకోరు.

రక్తదానం కథ ఇంకా బాగా నేర్పుతుంది, దీన్ని కాస్త వివరంగా చెబుతాను. పురుషులతో సంబంధం ఉన్న పురుషులు రక్తం ఇవ్వకూడదన్న నిషేధాన్ని ఎత్తేస్తామని లిబరల్ పార్టీ 2015 ఎన్నికల్లో మాట ఇచ్చింది. గెలిచింది. నిషేధం మాత్రం మెట్టుమెట్టుగా సడలింది: అప్పటికే 2013లో జీవితకాల నిషేధం అయిదేళ్లకు తగ్గింది, 2016లో ఏడాదికి, 2019లో మూడు నెలలకు తగ్గింది, 2022 ఏప్రిల్ 28న పూర్తిగా తీసేయడానికి ఫెడరల్ ఆరోగ్య శాఖ అయిన హెల్త్ కెనడా అనుమతి ఇచ్చింది, ఆ సెప్టెంబర్ నుంచి అమలైంది. ఇన్నేళ్లూ అప్పటి ప్రధాని గురించి ‘ట్రూడో మాట తప్పాడు’ అన్న వార్తలు తెగ వచ్చాయి. ఆ కోపంలో న్యాయం ఉంది, అయినా వార్తలో సగమే చెప్పినట్టు. ఎందుకంటే ఆరోగ్య మంత్రి సంతకం పెట్టి ఆ నిషేధం ఎత్తేయలేరు. 1980ల్లో కలుషిత రక్తం ఎక్కించడం వల్ల వేలమందికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి సోకాయి, క్రెవర్ విచారణ కమిషన్ 1997లో నివేదిక ఇచ్చింది, రక్తం విషయంలో రాజకీయ నాయకుల చేయి పడకూడదన్న ఉద్దేశంతో 1998లో కెనడియన్ బ్లడ్ సర్వీసెస్‌ను విడిగా పెట్టారు. క్యూబెక్‌కు వేరే సంస్థ ఉంది. నిబంధన మార్చాలంటే ఆ సంస్థ శాస్త్రీయ ఆధారాలతో దరఖాస్తు చేయాలి, హెల్త్ కెనడా పరిశీలించి ఒప్పుకోవాలి. కాబట్టి అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరు: తన చేతిలో లేనిదాన్ని పార్టీ ఎలా వాగ్దానం చేసింది? దరఖాస్తు ఎప్పుడు వెళ్లింది? పరిశోధనకు డబ్బు ఎప్పుడు ఇచ్చారు? వాగ్దానానికీ అధికారానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మంచి వార్తలు దొరుకుతాయి.

బిల్లును మొదటి పేజీ నుంచి చదవండి

పార్లమెంటు వెబ్‌సైట్‌లో లెజిస్‌ఇన్ఫో అని ఒకటి ఉంది. ప్రతి బిల్లు పాఠం, ఏ దశలో ఉంది, ఎవరు ఏ ఓటు వేశారు అన్నీ అందులో ఉచితంగా దొరుకుతాయి. సి అక్షరంతో మొదలైతే హౌస్ ఆఫ్ కామన్స్‌లో పుట్టిన బిల్లు, ఎస్ అయితే సెనేట్‌లో పుట్టింది. సి-201 నుంచి పైనున్నవి సాధారణ ఎంపీలు సొంతంగా పెట్టే బిల్లులు, అవి చట్టమయ్యేది చాలా అరుదు, కాబట్టి ఏ ఎంపీ అయినా బిల్లు పెట్టగానే ‘కెనడా నిషేధించబోతోంది’ అని రాయకండి. ప్రభుత్వ బిల్లుల నంబర్లు ప్రతి సెషన్‌కూ మళ్లీ మొదటి నుంచి వస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. 2005లో పెళ్లి చట్టం బిల్లు సి-38, 2012లో బడ్జెట్ అమలు బిల్లు కూడా సి-38. సెషన్ చూడకుండా నంబర్ మాత్రమే వెతికితే వేరే బిల్లు చదువుతారు.

బిల్లు ప్రయాణం అర్థం కావాలంటే కన్వర్షన్ థెరపీ నిషేధం కన్నా మంచి పాఠం లేదు. గే, ట్రాన్స్ మనుషుల్ని ‘మార్చేస్తాం’ అంటూ చేసే హింస అది. 2020 మార్చిలో సి-8గా పెట్టారు, ఆగస్టులో ప్రభుత్వం పార్లమెంటును ప్రొరోగ్ చేయడంతో, అంటే ఆ సెషన్‌ను ముగించేయడంతో బిల్లు చచ్చిపోయింది. మళ్లీ సి-6గా తెచ్చారు, 2021 జూన్ 22న 263-63 ఓట్లతో కామన్స్ దాటింది, సెనేట్‌లో ఉండగానే ఆగస్టులో ఎన్నికలు ప్రకటించారు, అదీ పోయింది. ఎన్నికల తర్వాత ఇంకా కఠినంగా, పెద్దవాళ్ల ఇష్టం ఉన్నా కుదరదంటూ సి-4గా తెచ్చారు. అందరూ మళ్లీ గొడవే అనుకుంటుంటే 2021 డిసెంబర్ 1న ఒక కన్సర్వేటివ్ ఎంపీ లేచి, అన్ని దశలూ ఒకేసారి దాటించేద్దామని ప్రతిపాదించారు, ఒక్కరు కూడా వద్దనలేదు. వారంలో సెనేట్ కూడా ఒప్పుకుంది, 2022 జనవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. అయిదు నెలల కిందట 63 మంది వ్యతిరేకించిన విషయాన్ని ఎవరూ ఎందుకు ఆపలేదు? ఒక్కరు ‘నో’ అన్నా ఆగిపోయేదే కదా! ఈ ప్రశ్న అడగాలంటే ఏకగ్రీవ అనుమతి అనే పద్ధతి ఎలా పనిచేస్తుందో మీకు ముందు తెలియాలి.

ఓట్ల సంగతిలో ఇంకో మాట. ‘పార్టీ వ్యతిరేకం’ అని రాసేముందు విప్ ఉందా, స్వేచ్ఛగా ఓటు వేయనిచ్చారా చూడండి. 2005లో పెళ్లి బిల్లు 158-133తో నెగ్గినప్పుడు లిబరల్ మంత్రులు తప్పనిసరిగా మద్దతివ్వాలి, వెనక బెంచీల ఎంపీలకు మాత్రం స్వేచ్ఛ ఉంది. అందుకే వ్యతిరేకంగా ఓటు వేయాలనుకున్న జో కొముజ్జీ ముందు మంత్రి పదవికి రాజీనామా చేశారు. కన్సర్వేటివ్ పార్టీ తన విధాన పత్రంలోంచి పెళ్లికి పాత నిర్వచనాన్ని 2016 వాంకూవర్ మహాసభలో తీసేసింది. పార్టీలు మారతాయి, ఎప్పుడు ఎంత మారాయో తేదీతో సహా రాయడమే మన పని.

సెక్షన్ 33 రాకుండా ఈ బీట్ చేయలేరు

కెనడా హక్కుల చార్టర్‌లో సెక్షన్ 15 సమానత్వం గురించి చెబుతుంది. అందులో లైంగికత అన్న మాటే లేదు, 1995లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూడా కలిపి చదవాలని చెప్పింది. 1998లో వ్రీండ్ కేసు వచ్చింది. ఎడ్మంటన్‌లో ఒక క్రైస్తవ కాలేజీ గే అని తెలిసి ఉద్యోగిని తీసేస్తే, అల్బర్టా మానవ హక్కుల చట్టంలో ఆ రక్షణ లేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికే వీల్లేకపోయింది. సుప్రీంకోర్టు ఆ రక్షణను చట్టంలోకి తానే చేర్చింది. అప్పుడు అల్బర్టా ప్రీమియర్ (ప్రావిన్స్ ముఖ్యమంత్రి) రాల్ఫ్ క్లైన్ మీద చాలా ఒత్తిడి వచ్చింది, సెక్షన్ 33 వాడి తీర్పును పక్కనపెట్టమని. ఆ సెక్షన్ 33నే నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్ అంటారు, అది చార్టర్‌లోని సెక్షన్ 2, 7 నుంచి 15 వరకూ ఉన్న హక్కుల్ని అయిదేళ్లపాటు పక్కనపెట్టి చట్టం చేయడానికి వీలు ఇస్తుంది. క్లైన్ వాడలేదు.

అదే అల్బర్టా 2025 డిసెంబర్‌లో డానియెల్ స్మిత్ ప్రీమియర్‌గా ఉండగా ట్రాన్స్ వాళ్లకు సంబంధించిన మూడు చట్టాలకు ఆ క్లాజును వాడింది. అంతకు ముందే జూన్‌లో ఒక జడ్జి పిల్లల వైద్యం మీద నిషేధాన్ని తాత్కాలికంగా ఆపారు. సస్కాచువాన్‌లో కూడా వరస అదే: 16 ఏళ్లలోపు పిల్లలు బడిలో పేరు, సర్వనామం (అతను, ఆమె లాంటివి) మార్చుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలన్న విధానాన్ని 2023 సెప్టెంబర్‌లో కోర్టు ఆపింది, అక్టోబర్‌లో శాసనసభను ముందుగానే పిలిచి క్లాజుతో సహా చట్టం చేశారు. ఇంకోవైపు న్యూ బ్రన్స్‌విక్‌లో 2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, సూసన్ హోల్ట్ ప్రీమియర్‌గా వచ్చి అక్కడి బడి విధానాన్ని సవరించారు. ఒక ప్రావిన్స్‌లో కోర్టు, ఒకచోట క్లాజు, ఒకచోట ఓటు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రాయగలిగితే మీ పాఠకుడికి దేశం అర్థమవుతుంది.

ఒట్టావాలో ఉంటే ఇలా, లేకపోతే అలా

హౌస్ ఆఫ్ కామన్స్ ఇప్పుడు వెస్ట్ బ్లాక్‌లో కూర్చుంటోంది, పాత సెంటర్ బ్లాక్ మరమ్మతుల్లో ఉంది. సోమవారం నుంచి గురువారం వరకూ మధ్యాహ్నం 2:15కి క్వశ్చన్ పీరియడ్, ముప్పావుగంట. అరుపులు ఎక్కువ, జవాబులు తక్కువ, కానీ అది అయిపోగానే మంత్రులు బయటికి వచ్చినప్పుడు విలేకరులు చుట్టుముట్టి అడిగే స్క్రమ్ ఉంటుంది చూడండి, అక్కడ దొరుకుతుంది అసలు మాట. బుధవారం పొద్దున పార్టీల కాకస్ సమావేశాలు (ఒక్కో పార్టీ ఎంపీలు లోపల్లోపల మాట్లాడుకునేవి), లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనక బెంచీ ఎంపీలు కూడా దొరుకుతారు. లోపల తిరగాలంటే పార్లమెంటరీ ప్రెస్ గ్యాలరీ అనుమతి కావాలి, దానికి మీరు నిజంగా క్రమం తప్పకుండా రాస్తున్నారని చూపించాలి, కాబట్టి ముందు ప్రచురితమైన కథనాలు కొన్ని పోగేసుకోండి. గురువారం క్వశ్చన్ పీరియడ్ తర్వాత వచ్చేవారం ఏ బిల్లులు చర్చకు వస్తాయో సభలోనే చెబుతారు, ఫ్రీలాన్సర్‌కి అది బంగారం, పిచ్ (ఎడిటర్‌కి పంపే కథనం ప్రతిపాదన) ముందే పంపుకోవచ్చు.

ఒట్టావాలో లేకపోయినా ఫర్వాలేదు. పార్లమెంటు వీడియో వెబ్‌సైట్ పార్ల్‌వ్యూలో కమిటీలను ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నా మాట వినండి, సభ కన్నా కమిటీలు చూడండి. అక్కడికి డాక్టర్లు, లాయర్లు, బాధితులు వచ్చి సాక్ష్యం చెబుతారు, సంస్థలు రాతపూర్వకంగా పంపినవి కూడా బహిరంగంగానే పెడతారు. 2019లో ఆరోగ్య కమిటీ ఎల్‌జీబీటీ వాళ్ల ఆరోగ్యం మీద ఒక నివేదిక ఇచ్చింది, దానికి సాక్ష్యం చెప్పినవాళ్ల జాబితా ఒక్కటి చదివితే చాలు, ఎవరితో మాట్లాడాలో ఒక పుస్తకం నిండుతుంది. కొంచెం ఫ్రెంచ్ కూడా నేర్చుకోండి. క్యూబెక్ ఎంపీలు మనసులో మాట ఫ్రెంచ్‌లోనే చెబుతారు, అనువాదంలో పదును పోతుంది. లైంగికతను మానవ హక్కుల చట్టంలో మొట్టమొదట చేర్చిన ప్రావిన్స్ క్యూబెక్, 1977లో. దాన్ని వదిలేసి కెనడా చరిత్ర రాయలేం.

కాగితాలు అడగండి

మన సమాచార హక్కు చట్టంలాగే ఇక్కడ యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ చట్టం ఉంది, 1983 నుంచి అమల్లో ఉంది. ఫీజు 5 డాలర్లు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కానీ గడువు పొడిగించడం మామూలే, నెలలు పడుతుంది. కెనడాలో ఉన్న ఎవరైనా అడగొచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. ప్రావిన్స్‌లకు వేరే చట్టాలు, వేరే ఫీజులు ఉన్నాయి. ‘ఎల్‌జీబీటీ గురించి ఉన్న అన్ని పత్రాలూ’ అని అడిగితే ఏమీ రాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా శాఖలో, ఫలానా విధానం మీద మంత్రికి పంపిన బ్రీఫింగ్ నోట్లు అని అడగండి.

ఇది ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే 1992 గుర్తుచేసుకోవాలి. ప్రచ్ఛన్న యుద్ధ కాలం నుంచి ప్రభుత్వ ఉద్యోగాల్లో, సైన్యంలో, ఫెడరల్ పోలీసు దళమైన ఆర్‌సీఎంపీలో గే, లెస్బియన్ ఉద్యోగుల్ని వెంటాడి, విచారించి, బయటికి గెంటేశారు. దాని మీద ప్రభుత్వ పత్రాలను కెనడియన్ ప్రెస్ విలేకరి డీన్ బీబీ ఈ చట్టం కిందే బయటికి తీసి రాశారు. అదే ఏడాది సైన్యం నిషేధం ఎత్తేసింది, అది మిషెల్ డగ్లస్ కోర్టు పోరాటం ఫలితం. ఆ వేట మీద జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2017 నవంబర్ 28న. పత్రం బయటపడ్డ నాటి నుంచి క్షమాపణ వరకు పాతికేళ్లు, ఆలోగా బాధితుల్లో ఎంతోమంది పోయారు. అందుకే దరఖాస్తులు ఈరోజే వేయండి అంటాను.

కోర్టు తీర్పులకు క్యాన్‌లీ వెబ్‌సైట్ ఉంది, ఉచితం. వార్తా సంస్థ ఇచ్చిన సారాంశం కాకుండా తీర్పు చదవండి, కనీసం మొదటి పేజీలు, చివరి ఆదేశం. కేసులో పేర్ల మీద ప్రచురణ నిషేధం ఉందా చూడండి, ట్రాన్స్ పిల్లల కేసుల్లో ఇది చాలా సాధారణం. పాత చరిత్రకు టొరంటోలోని ఆర్కైవ్స్, అంటే 1973లో మొదలైన లెస్బియన్, గే పత్రాల భాండాగారం, తప్పకుండా ఒకసారి వెళ్లండి. 1981 ఫిబ్రవరిలో టొరంటో పోలీసులు గే పురుషులు కలుసుకునే స్నానశాలల మీద దాడి చేసి దాదాపు 300 మందిని అరెస్టు చేశారు, ఇప్పటికీ ప్రైడ్ ఊరేగింపులో యూనిఫాం పోలీసులు ఉండాలా వద్దా అన్న గొడవ వెనక ఆ రాత్రి ఉంది. అంకెలు కావాలంటే 2021 జనాభా లెక్కలు: 15 ఏళ్లు దాటిన దాదాపు 3 కోట్ల 5 లక్షల మందిలో 1,00,815 మంది తాము ట్రాన్స్ లేదా నాన్‌బైనరీ అని చెప్పారు. ఇలా లెక్క ప్రచురించిన మొదటి దేశం కెనడానే.

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు

ఈ పనిలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. మీ వార్త వల్ల ఒకరు ఇంట్లోంచి వెళ్లాల్సి రాకూడదు. ఎవరి లైంగికతనూ వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకండి, ఎంపీ అయినా సరే. స్నేహితులకు చెప్పుకున్నవాళ్లు పేపర్లో రావడానికి ఒప్పుకున్నట్టు కాదు. స్నేహితులకు తెలుసా, ఆఫీసులో తెలుసా, ఇంట్లో తెలుసా, ఊళ్లో తెలుసా అని నాలుగూ విడివిడిగా అడగండి.

మన తెలుగువాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది ఇంకా బరువైన విషయం. ఇంటిపేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే చుట్టరికం బయటపడుతుంది. పేరు తీసేసి ‘బ్రాంప్టన్‌లో ఉండే, గుంటూరు నుంచి వచ్చిన, ఫలానా కంపెనీలో పనిచేసే 29 ఏళ్ల యువకుడు’ అని రాస్తే పేరు రాసినట్టే, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో కనిపెట్టేస్తారు. వివరాలు మార్చి రాయకండి, అది అబద్ధం అవుతుంది, వదిలేయండి చాలు. అసలు పేరు మీకు, మీ ఎడిటర్‌కి తెలిస్తే సరిపోతుంది, అలా అని ముందే ఎడిటర్‌తో మాట్లాడుకుని, ఆ మాట సోర్స్‌కి కూడా చెప్పండి. ఫొటోలో వెనక కనిపించే అపార్ట్‌మెంట్ కూడా చూసుకోండి. సిగ్నల్ యాప్‌లో మాట్లాడటం మంచిది.

ఇది భయం మాత్రమే కాదు, చట్టం కూడా. టొరంటోలో చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్న ఇద్దరు హైదరాబాద్ విమానాశ్రయంలో దిగితే ఆ పెళ్లికి అక్కడ గుర్తింపు లేదు. భారత సుప్రీంకోర్టు 2018లో సెక్షన్ 377 తీర్పులో స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది, 2023 అక్టోబర్ తీర్పులో పెళ్లి హక్కు ఇవ్వలేదు. ఆ పెళ్లి కేసులో ముందున్న పిటిషనర్ల జంట హైదరాబాద్‌వాళ్లే. తల్లిదండ్రుల ఆస్తి, వీసా, ముసలితనంలో వాళ్ల దగ్గరికి వెళ్లిరావడం ఇవన్నీ ఆ మనిషి లెక్కలో ఉంటాయి. మీరు గంటసేపు మాట్లాడి వెళ్లిపోతారు, వాళ్లు ఉండిపోతారు.

బడి విధానాల మీద రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. మైనర్‌తో మాట్లాడాలంటే తల్లిదండ్రుల అనుమతి అడగడం మంచి పద్ధతి, కానీ వార్తే ఇంట్లో చెప్పుకోలేని పిల్లల గురించి అయినప్పుడు ఆ అనుమతి అడగడమే ఆ బిడ్డను బయటపెట్టడం అవుతుంది. అలాంటప్పుడు ఆ పిల్లల్ని వదిలేసి, 18 దాటి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలిగినవాళ్లతో, టీచర్లతో, బడిలో క్లబ్ నడిపే పెద్దవాళ్లతో మాట్లాడండి. వార్త కొంచెం పలచబడితే పడనివ్వండి.

తల్లిదండ్రుల మాట కూడా వినాలి. ఒంటారియోలో 2015 సెక్స్ ఎడ్యుకేషన్ సిలబస్ మీద వలస కుటుంబాలు పెద్దగా ఆందోళన చేశాయి, 2018లో డగ్ ఫోర్డ్ ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టింది, 2019లో తెచ్చిన కొత్తదాంట్లో చాలా భాగం పాతదే. మధ్యలో సిలబస్‌లో లేనివన్నీ ఉన్నాయంటూ ఫార్వర్డ్‌లు తిరిగాయి. మన గ్రూపుల్లో ఇప్పటికీ అలాంటివి వస్తాయి. భయపడే తల్లిని వెక్కిరించకండి, సిలబస్ తెరిచి ఏ తరగతిలో ఏముందో రాసి చూపించండి. తెలుగులో ఈ ఒక్క పని చేసేవాళ్లున్నా ఎంతో మేలు.

2018లో టొరంటోలో అరెస్టైన సీరియల్ హంతకుడు ఎనిమిది మందిని చంపాడు, వాళ్లలో ఎక్కువమంది దక్షిణాసియా, మధ్యప్రాచ్య నేపథ్యం ఉన్నవాళ్లు. మనుషులు మాయమవుతున్నారని టొరంటోలోని గే విలేజ్ అనే పేటవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2021లో మాజీ జడ్జి గ్లోరియా ఎప్‌స్టీన్ ఇచ్చిన నివేదిక పోలీసుల దర్యాప్తులో తీవ్ర లోపాలు ఎత్తిచూపింది. మీతో మాట్లాడటానికి ఒక గోధుమరంగు చర్మం ఉన్న గే మనిషి వెనకాడితే దాని వెనక ఇదంతా ఉందని అర్థం చేసుకోండి, తొందరపెట్టకండి.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. 2009లో గ్రాంట్ వర్సెస్ టోర్‌స్టార్ తీర్పుతో బాధ్యతగా రాసిన విలేకరికి పరువునష్టం కేసులో రక్షణ దొరికింది, కానీ అవతలివాళ్లను అడిగారని, సరిచూసుకున్నారని నిరూపించాలి, కాబట్టి నోట్సు, ఈమెయిళ్లు పారేయకండి. 2017 సోర్సుల రక్షణ చట్టం ప్రధాన వృత్తి జర్నలిజం అయినవాళ్లకే వర్తిస్తుంది. పక్కన ఇంకో ఉద్యోగం ఉండి అప్పుడప్పుడూ రాసేవాళ్లు ఆ రక్షణ తమకుందని సోర్స్‌కి భరోసా ఇవ్వకూడదు.

పిచ్, డబ్బు, పర్మిట్

క్లోజ్డ్ వర్క్ పర్మిట్ మీద ఉంటే ఆ యజమాని దగ్గర తప్ప పనిచేయకూడదు, ఫ్రీలాన్స్ కూడా పనే. ముందు మీ పర్మిట్ షరతులు చదవండి. పీఆర్, ఓపెన్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు.

ఎక్స్‌ట్రా అనే పత్రిక 1984 నుంచి ఎల్‌జీబీటీ వార్తలకే ఉంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తుంది. పార్లమెంటు లోపలి సంగతులకు ది హిల్ టైమ్స్, పశ్చిమ తీరానికి ది టైయీ, లోతైన పెద్ద వ్యాసాలకు ది వాల్రస్ ఉన్నాయి. ప్రతిదానికీ పిచ్ నియమాలు వేరు, చదివి పంపండి. పిచ్‌లో ‘ట్రాన్స్ పిల్లల గురించి రాస్తాను’ అంటే అది అంశం, వార్త కాదు. ఇలా రాయండి: ‘అల్బర్టా చట్టం వచ్చాక ఎడ్మంటన్‌లోని దక్షిణాసియా కుటుంబాలు పిల్లల వైద్యం కోసం వేరే ప్రావిన్స్‌కు వెళ్లాలా అని ఆలోచిస్తున్నాయి. రెండు కుటుంబాలు, ఒక డాక్టర్ మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ప్రావిన్స్ దాటి వైద్యం చేయించుకుంటే ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు శాఖ నుంచి జవాబు అడిగాను. 1,500 పదాలు, మూడు వారాల్లో ఇస్తాను.’ కొత్తేంటి, ఎవరు మాట్లాడతారు, ఇప్పుడే ఎందుకు, ఇవి లేకపోతే ఎడిటర్ రెండో వాక్యం చదవరు. నిజంగా ఒప్పుకున్నాకే ‘ఒప్పుకున్నారు’ అని రాయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఒప్పందంలో రెండు చూసుకోండి: రాసింది వేసుకోకపోతే ఎంతిస్తారు, హక్కులు ఎన్నాళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి. నాలుగు త్రైమాసికాల్లో 30,000 డాలర్లు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. సొంత పని చేసేవాళ్లు రిటర్న్ జూన్ 15 వరకు వేయొచ్చు, కానీ కట్టాల్సిన పన్ను ఏప్రిల్ 30కే కట్టాలి, పెన్షన్ ప్లాన్ వాటా యజమానిదీ మీదీ రెండూ మీరే భరించాలి. వచ్చిన ప్రతి చెక్కులోంచి కొంత పక్కన పెట్టేయండి.

2023 ఆగస్టు నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో వార్తల లింకులు కనిపించడం లేదు, వార్తలకు మీడియా సంస్థలకు డబ్బు ఇవ్వమన్న ఆన్‌లైన్ న్యూస్ చట్టానికి జవాబుగా వాటి యజమాని మెటా చేసిన పని అది. కథనం వచ్చాక షేర్ చేస్తే సరిపోతుందనుకోకండి, ఈమెయిల్ న్యూస్‌లెటర్ పెట్టుకోండి, మాట్లాడినవాళ్లకు లింకు స్వయంగా పంపండి, ఏదైనా తప్పు పడితే చెప్పమని అడగండి, చెబితే ఆ రోజే సరిచేయించండి.

తర్వాత క్యాలెండర్ తెరవండి. సెక్షన్ 33 ప్రకటనకు ఆయుష్షు అయిదేళ్లే, మళ్లీ శాసనసభలో కొత్తగా పెట్టకపోతే అది దానంతట అదే పోతుంది. సస్కాచువాన్‌ది 2028లో ముగుస్తుంది, అల్బర్టాది 2030లో. 2028 మొదట్లోనే సస్కాచువాన్ రాజధాని రెజైనాలోని విద్యా మంత్రిత్వ శాఖకు సమాచార దరఖాస్తు పెట్టండి, ఆ చట్టాన్ని ఎన్ని బళ్లలో ఎన్నిసార్లు వాడారో లెక్క అడగండి.